చేయి కాలితే: మొదటి నిమిషం నుంచి మచ్చ కలిసిపోయేదాకా

ముందటేడు సంక్రాంతికి హనుమకొండలో మా ఇంట్లో సకినాలు వేస్తున్నాం. పిండిలో తడి ఎక్కువైందేమో, ఒక సకినం నూనెలో పడగానే పేలింది. చిందిన నూనె నా ఎడమ మణికట్టు పైన రూపాయి బిళ్లంత మేర పడింది. చుర్రుమనగానే ఇంట్లో తలో దిక్కు ఉరికారు. అత్తమ్మ పేస్టు తెమ్మని కేకేసింది. వదిన పసుపు డబ్బా మూత తీసింది. ఫ్రిజ్‌లో ఐసు ఉందని మా చిన్నోడు అరిచాడు. అందరిదీ ప్రేమే, కానీ అప్పుడు నాకు కావలసింది నల్లా ఒక్కటే.

తర్వాత మూడు వారాలు ఆ గాయాన్ని రోజూ చూసుకున్నాను. బొబ్బ లేచినప్పుడు భయమేసింది, పగిలినప్పుడు భయమేసింది, దురద మొదలైనప్పుడు ఇంకా భయమేసింది. ఒక్కో దశలో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకుంటూ పోయాను. చివరికి అర్థమైంది ఏంటంటే, నేను టెన్షన్ పడ్డ వాటిలో చాలా మటుకు చర్మం తనను తాను బాగు చేసుకుంటున్న పనే. ఏ రోజు గాయం ఎలా ఉండాలో ముందే తెలిస్తే అనవసరంగా భయపడం, నిజంగా భయపడాల్సిన రోజున ఆలస్యం చేయం. అందుకే ఇది రాస్తున్నాను. ఇది చిన్న గాయాల కోసం మాత్రమే. చిన్నది అంటే ఎంతో రెండో మెట్టులో చెప్తాను. దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది.

మొదటి మెట్టు: నీళ్లు, ఇరవై నిమిషాలు, గడియారం చూసి

వేడి వస్తువు నుంచి చేయి తీసేసినంత మాత్రాన కాలడం ఆగదు. పొయ్యి కట్టేసినా పెనం చాలాసేపు వేడిగానే ఉంటుంది కదా, చర్మమూ అంతే. దిగిన వేడి లోపలి పొరలకు పాకుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగేది పారే చల్లని నీళ్లు. నల్లా ధార సన్నగా పెట్టి, ఆ నీళ్లు గాయం మీద నుంచి పారేలా ఇరవై నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టు ఉంటుంది. చేయి తీయగానే మళ్లీ మొదలవుతుంది. అందుకే గడియారం చూడమంటున్నాను. వెంటనే కుదరకపోతే కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా ఉపయోగం ఉంటుంది. దారిలో బండి సైలెన్సర్ తగిలి పిక్క కాలిన పిల్లాడు అరగంటకు ఇల్లు చేరినా, అప్పుడైనా నీళ్లు పోయండి.

మన దగ్గర ఎండాకాలంలో ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో జగిత్యాలలోనో నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి. కాలిన చర్మం మీద అవి పోయకూడదు. రంజన్ (మట్టి కుండ) నీళ్లు బకెట్లోకి వంపుకొని చెంబుతో మెల్లగా పోయండి, లేదా బోరు మోటారు వేసి నేరుగా పైపు పట్టండి. రంజన్ నీళ్ల చల్లదనం ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఐసులా చర్మాన్ని కొరకదు.

ఐసు ఎందుకు వద్దో చెప్పాలంటే కాలిన చోటు లోపల ఎలా ఉంటుందో చెప్పాలి. 1953లో జాక్సన్ అనే బ్రిటిష్ సర్జన్ కాలిన చర్మాన్ని మూడు వలయాలుగా వివరించాడు. నడుమ చచ్చిపోయిన కణాలు, దాన్ని ఇక తేలేం. చివరన ఎర్రగా కందిన చర్మం, అది దానంతట అదే కోలుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న వలయమే ముఖ్యం. అక్కడ కణాలు బతికే ఉంటాయి గానీ రక్తం సరిగ్గా అందక అల్లాడుతుంటాయి. చల్లని నీళ్లు వాటిని కాపాడతాయి. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకుపోయి అందే ఆ కాస్త రక్తం కూడా ఆగుతుంది. రెండు రోజులు తిరిగేసరికి ఆ వలయం కూడా చచ్చి, గాయం మొదట కనబడినదాని కంటే లోతుగా, వెడల్పుగా తయారవుతుంది.

నీళ్లు పోస్తుండగానే గాజులు, ఉంగరాలు, వాచీ, కాలైతే పట్టీలు, మెట్టెలు తీసేయాలి. కాసేపట్లో వాపు వస్తుంది, ఆ తర్వాత తీయాలంటే నరకమే. బట్ట తడిసి వేడిగా ఉంటే విప్పేయండి, చర్మానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకకుండా వదిలేయండి. చిన్నపిల్లలకు గాయం మీద మాత్రమే నీళ్లు పోసి, మిగతా ఒళ్లు దుప్పటి చుట్టి వెచ్చగా ఉంచాలి. పసివాళ్ల ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది.

పేస్టు, పసుపు, ఇంకు, కాఫీపొడి, వెన్న, నెయ్యి, కోడిగుడ్డు సొన, సున్నం, ఏవీ వద్దు. నూనె, నెయ్యి లాంటివి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. సున్నం క్షారం, అదే చర్మాన్ని తింటుంది. పేస్టు పెట్టగానే చల్లగా అనిపించేది దానిలోని పుదీనా గుణం వల్లే, లోపలి వేడి ఉన్నచోటే ఉంటుంది. పైగా ఇవన్నీ గాయం రంగును కప్పేస్తాయి. డాక్టర్ చూడాల్సిందే ఆ రంగు. దవాఖానలో ఆ పసుపూ పేస్టూ కడగడానికి రుద్దుతుంటే పిల్లలు ఏడ్చే ఏడుపు వింటే ఇంకోసారి ఎవరూ పెట్టరు.

రెండో మెట్టు: ఇంట్లో ఉండాలా, దవాఖానకు పోవాలా

కాలినవాళ్ల సొంత అరచేయి, వేళ్లతో కలిపి, వాళ్ల ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం ఉంటుంది. ఈ కొలత ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది కాబట్టి మరచిపోయే పని లేదు. గాయం అంతకంటే పెద్దగా ఉండి బొబ్బలు లేస్తే డాక్టర్‌కు చూపించాలి.

గాయం చిన్నదైనా కొన్ని చోట్లయితే ఆగకూడదు: ముఖం, అరచేయి, వేళ్లు, పాదం, కీళ్ల మీద, మర్మాంగాల దగ్గర, లేదా చేతికో కాలికో చుట్టూరా. కరెంటు షాకు, బాత్రూం యాసిడ్ గాయాలు పైకి చిన్నగా కనబడినా లోపల ఎక్కువ ఉంటాయి. యాసిడ్ పడితే ఇరవై నిమిషాలతో ఆపకుండా ఇంకా చాలాసేపు నీళ్లు పోస్తూనే బయల్దేరే ఏర్పాటు చూడాలి. అయిదేళ్ల లోపు పిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు గాయం సైజుతో పని లేకుండా చూపించుకోవడం మంచిది. పొగ పీల్చినా, మొహం దగ్గర మంట లేచినా 108కి ఫోన్ చేయండి. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం సర్కారు దవాఖాన ఉండనే ఉంది.

అన్నిటికంటే మోసం చేసేది నొప్పి లేని గాయం. చర్మం తెల్లగా మైనంలా, లేదా నల్లగా, తోలులా బిగుసుకుపోయి, ముట్టుకుంటే తెలియకపోతే "నొప్పి లేదు కదా, పర్లేదు" అనుకోకండి. నొప్పి చెప్పే నరాలు కూడా కాలిపోయాయని దానర్థం. మంట పెడుతోందంటే అక్కడి నరాలు ఇంకా బతికే ఉన్నాయని.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఎండాకాలంలో వేయి స్తంభాల గుడిలోనో భద్రకాళి గుడిలోనో చెప్పులు విడిచి రాతిబండల మీద నడిస్తే మనకు కాళ్లు చురుక్కుమంటాయి, ఉరుకుతాం. పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు ఆ చురుకు తెలియదు. ఇంటికి వచ్చి సాక్సు విప్పినప్పుడో రాత్రి కాళ్లు కడిగినప్పుడో అరికాలి బొబ్బ కనబడుతుంది. మీ ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉంటే గుడికి వెళ్లొచ్చిన రోజు మీరే కూర్చొని అరికాళ్లు చూడండి.

మూడో మెట్టు: కప్పడం

ఇరవై నిమిషాలయ్యాక శుభ్రమైన మెత్తటి బట్టతో చుట్టూ అద్ది, గాయం మీద అతుక్కోని కట్టు వేయాలి. మెడికల్ షాపులో పారాఫిన్ గాజ్ అని అడిగితే ఇస్తారు, జెల్లీ పూసిన జాలీలా ఉంటుంది. దాని మీద మామూలు గాజ్ గుడ్డ, వదులుగా బ్యాండేజీ. దూది నేరుగా పెట్టకండి. పోగులు గాయంలో ఇరుక్కుని మళ్లీ ఊడిరావు. అర్ధరాత్రి ఏదీ దొరకకపోతే ఉతికి ఇస్త్రీ చేసిన నూలు పంచె ముక్క చాలు.

క్రీముల గురించి ఒక మాట. కాలిన గాయం అనగానే షాపులో ఇచ్చే తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము చిన్న బొబ్బ గాయాలను త్వరగా మాన్పదు, కొన్నిసార్లు ఆలస్యమే చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లకు, రెండు నెలల లోపు పసికందులకు అసలు వాడకూడదు. డాక్టర్ రాస్తే వాడండి, మీకు మీరుగా వద్దు. నొప్పికి వయసుకూ బరువుకూ తగ్గ మోతాదులో పారాసిటమాల్ సరిపోతుంది. టీటీ (ధనుర్వాతం టీకా) వేయించుకుని అయిదేళ్లు దాటితే, లేదా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే, దాని గురించి డాక్టర్‌ని అడగండి.

నాలుగో మెట్టు: బొబ్బ ఏంటో అర్థం చేసుకోవడం

మన చర్మం రెండు పొరలు. పైది కాగితమంత పలచన, దానిలో రక్తనాళాలు లేవు. కిందిది మందం, రక్తనాళాలు, నరాలు, వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు అన్నీ దాంట్లోనే. పై పొర మాత్రమే కాలితే చర్మం ఎర్రగా కంది, మండి, ఒక వారంలో సన్నటి పొట్టు రాలి తేరుకుంటుంది. బొబ్బ రాదు. వేడి కింది పొర పై భాగాన్ని తాకితేనే బొబ్బ.

ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 60 డిగ్రీల నీళ్లకు పెద్దవాళ్ల చర్మం కాలడానికి 5 సెకండ్లు చాలు. 70 డిగ్రీలైతే దాదాపు ఒక సెకండు. పిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా తొందరగా కాలుతుంది. ఇక గంజి వంపేటప్పుడు తగిలేది మరుగుతున్న నీళ్లకు దగ్గరి వేడి. సకినాల నూనె 170, 180 డిగ్రీలు ఉంటుంది, పైగా జిగటగా అంటుకుని వదలదు. కుక్కర్ ఆవిరి సంగతి వేరే. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ తనలో దాచుకున్న వేడినంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. అదే 100 డిగ్రీల నీటి కంటే అదే 100 డిగ్రీల ఆవిరి ఎక్కువ కాల్చేది అందుకే.

వేడి తగలగానే రెండు పొరలను పట్టి ఉంచే అతుకులు వదులవుతాయి. కింది పొరలోని సన్నని రక్తనాళాల గోడలు జల్లెడలా మారి, రక్తంలోని నీటి భాగం బయటికి ఊరుతుంది. ఆ నీరు ఊడిన పై పొర కింద చేరి దాన్ని పైకి లేపుతుంది. అదే బొబ్బ. వెంటనే లేవొచ్చు, మర్నాటికి లేవొచ్చు. నాకు రాత్రి పడుకునేదాకా ఏమీ లేదు, తెల్లారి లేచేసరికి శనగ గింజంత ఉబ్బి కనబడింది. లోపలి నీరు లేత పసుపులో, తేటగా ఉంటే మామూలే. నెత్తుటి రంగులో ఉంటే గాయం కాస్త లోతుదని అనుకోవాలి.

మంట గురించి మన వరంగల్ వాళ్లకు ఒక ఉదాహరణ బాగా తెలుసు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాళ్ల చేతులు రాత్రంతా మండుతాయి. చర్మం ఏమీ కాలదు, అయినా కాలినట్టే ఉంటుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే ఒక గ్రాహకం మన నరాల చివర్లలో ఉంది, మిర్చి ఘాటు కూడా సరిగ్గా దాన్నే మీటుతుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నిజంగా కాలినప్పుడు వాపు వల్ల ఆ గ్రాహకం ఇంకా సున్నితమైపోతుంది. అందుకే కాలిన చేతికి గోరువెచ్చని నీళ్లు తగిలినా మళ్లీ కాలినట్టు ఉంటుంది. గాయం పెరిగిపోతోందని కంగారు పడకండి.

అయిదో మెట్టు: బొబ్బను పగలగొట్టకపోవడం

అడిగిన ప్రతివాళ్లూ సూదితో పొడిచి నీరు తీసేయమన్నారు. చేయలేదు, చేయనివ్వలేదు. బొబ్బ మీది ఆ పలచటి పొర చచ్చిన చర్మమే అయినా, దాని కంటే మంచి కట్టు ఏ షాపులోనూ దొరకదు. క్రిములు లోపలికి పోకుండా ఆపుతుంది, బయటపడ్డ నరాలకు గాలి తగలకుండా కప్పుతుంది, కింద తడి ఆరకుండా ఉంచుతుంది.

ఆ తడి ఎంత ముఖ్యమో 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. గాలికి ఆరి చెక్కు కట్టిన గాయాల కంటే, తడి ఆరకుండా కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరచుకుంది. కొత్త కణాలు గాయం మీద పాకుతూ వస్తాయి, తడి ఉంటే జారుతూ తొందరగా వస్తాయి, ఎండితే చెక్కు కింద దారి తవ్వుకుంటూ రావాలి. "గాలికి వదిలెయ్, ఆరితే మానుతుంది" అని మన పెద్దవాళ్లు చెప్పే మాటను ఇక్కడ పక్కన పెట్టాల్సిందే.

పెద్ద బొబ్బ కీలు మీద బిగుతుగా ఉండి వేలు మడవనివ్వకపోతే దాన్ని తీయడమో ఉంచడమో దవాఖానలో నిర్ణయిస్తారు. దానంతట అదే పగిలితే సబ్బుతో చేతులు కడుక్కుని, తాగే నీళ్లతో గాయాన్ని మెల్లగా కడిగి, వదులైన పొరను కత్తిరించకుండా తిరిగి దాని మీదే పరిచి కట్టు కట్టండి. నాది నాలుగో రోజు పొద్దున గిన్నెలు తోముతుంటే పగిలింది. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకోనందుకు చాలా బాధపడ్డాను.

ఆరో మెట్టు: రోజులు లెక్కపెట్టడం

మొదటి రెండు మూడు రోజులు ఎరుపు, వాపు, మంట ఎక్కువ. తెల్లరక్తకణాలు వచ్చి చచ్చిన కణాలను ఊడ్చేస్తుంటాయి. చేయి కాలితే దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, వాపు తగ్గుతుంది. వేళ్లు కదుపుతూ ఉండండి, బిగుసుకోకుండా.

మూడో రోజు నుంచి అసలు పని మొదలవుతుంది. కొత్త చర్మం గాయం అంచుల నుంచి మాత్రమే వస్తుందని నేను అనుకునేదాన్ని. కింది పొరలో మిగిలిన వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథుల గోడల్లో కూడా చర్మకణాలుంటాయి. నారుమడిలో మొలకలు లేచినట్టు గాయం నడిమధ్యన అక్కడక్కడా చిన్న చిన్న దీవుల్లా మొలిచి, పాకి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. కుదుళ్లు బతికున్నంత లోతు వరకే కాలితే మచ్చ పెద్దగా మిగలకుండా మానేది దీనివల్లే. కుదుళ్లు కూడా పోయిన లోతు గాయం అంచుల నుంచే మానాలి, అందుకే నెలలు పడుతుంది, గట్టి మచ్చ మిగులుతుంది.

కట్టు తడిసినా మురికైనా మార్చాలి, లేకపోతే రెండు రోజులకోసారి చాలు. అతుక్కుంటే నీళ్లతో నానబెట్టి తీయండి. లాగితే మొలిచిన దీవులు కూడా ఊడొస్తాయి.

పైపైన లేచిన బొబ్బ గాయం ఏడు నుంచి ఇరవై ఒక్క రోజుల్లో మూసుకుంటుంది. నాకు పన్నెండో రోజుకు లేత గులాబీ రంగు చర్మం పరచుకుంది. రెండు వారాలు దాటినా తడిగా, తెరుచుకునే ఉంటే ఇంట్లో ఎదురుచూడకుండా డాక్టర్‌కు చూపించండి.

ఏడో మెట్టు: చీముకూ చీములా కనబడేదానికీ తేడా

బొబ్బ పగిలిన రెండో రోజు గాయం మీద పలచటి పసుపు పొర కనబడి చీము పట్టిందని ఏడ్చినంత పని చేశాను. వాసన లేదు, చుట్టూ వేడి లేదు, నొప్పి పెరగలేదు. అది గాయం మీద ఊరి గడ్డకట్టిన ప్రోటీన్ పొర. గోకి తీయకూడదు, కడిగేటప్పుడు వచ్చినంత వస్తుంది.

చీము పడితే గాయం వెనక్కి నడుస్తుంది. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరుగుతుంది. వాసన వస్తుంది. చుట్టూ చర్మం వేడెక్కి, వాపు రోజురోజుకూ బయటికి పాకుతుంది. మన చాయ చర్మం మీద ఎరుపు తొందరగా తెలియదు, కాబట్టి కంటిని నమ్మకుండా మణికట్టు వెనక వైపుతో తాకి వేడి చూడండి. పెన్నుతో వాపు అంచున గీత గీస్తే మర్నాటికి దాటిందో లేదో తెలిసిపోతుంది. చలిజ్వరం, గాయం నుంచి పైకి పాకే ఎర్రటి చార ఉంటే ఆ పూటే వెళ్లాలి.

చిన్నపిల్లల తల్లులు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఎంత చిన్న గాయమైనా, కాలిన రెండు నుంచి నాలుగు రోజుల్లో జ్వరంతోపాటు ఒంటి మీద దద్దు, వాంతులు, విరేచనాలు, మత్తుగా పడి ఉండటం కనబడితే గాయం పైకి శుభ్రంగా ఉన్నా సరే వెంటనే దవాఖానకు తీసుకుపోండి. గాయంలోని క్రిమి విషం ఒంటికి ఎక్కినప్పుడు ఇలా అవుతుంది. అరుదే, కానీ గంటల్లో ముదురుతుంది.

ఎనిమిదో మెట్టు: తిండి

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం, వంకాయ వద్దని మా ఇంట్లో పథ్యం పెట్టారు. కొత్త చర్మం తయారయ్యేదే ప్రోటీన్‌తో. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మాంసం, మీరు మామూలుగా తినేది ఏదైనా తినండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ రోజుల్లో షుగర్ అదుపులో ఉందో లేదో గట్టిగా చూసుకోవాలి. అది పెరిగితే గాయం మానదు.

తొమ్మిదో మెట్టు: దురద, రంగు

చర్మం మూసుకున్నాక రెండో వారంలో దురద మొదలవుతుంది. మానే చోట విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం, కొత్తగా పెరిగే నరాల చివర్లు దానికి కారణం. గోకితే కొత్త పొర లేచిపోతుంది. కొత్త చర్మంలో నూనె గ్రంథులు ఇంకా సరిగ్గా పనిచేయవు కాబట్టి అది ఎండిపోయి దురద ఇంకా పెరుగుతుంది. పూర్తిగా మూసుకున్న తర్వాత మాత్రమే కొబ్బరినూనె గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రోజుకు మూడు నాలుగు సార్లు మెల్లగా రాయండి. నేను కాటన్ రుమాలు తడిపి కట్టుకునేదాన్ని, హాయిగా ఉండేది. రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే డాక్టర్ మాత్ర రాస్తారు.

గులాబీ రంగు చర్మం మెల్లగా చుట్టుపక్కల కంటే నల్లగానో తెల్లగానో మారుతుంది. రంగునిచ్చే కణాలు కూడా వెంట్రుకల కుదుళ్ల నుంచి, గాయం అంచుల నుంచి తిరిగి రావాలి, దానికి నెలలు పడుతుంది. ఈలోపు ఎండ తగిలితే నలుపు దిగిపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఎండలో పొడుగు చేతుల జాకెట్టో చున్నీయో కప్పుకోండి, ముఖం మీదైతే సన్‌స్క్రీన్ రాయండి. మచ్చ ఎత్తుగా, గట్టిగా పెరుగుతుంటే, ముఖ్యంగా ఛాతీ, భుజం, చెవి మీద, తొందరగా చర్మ డాక్టర్‌ను కలవండి. సిలికాన్ జెల్ లాంటివి మొదట్లో వాడితేనే బాగా పనిచేస్తాయి.

నా మణికట్టు మచ్చ ఉగాదికి గంధం బొట్టంత నల్లగా ఉండేది. మృగశిర కార్తె నాడు చేపలు కడుగుతూ చూసుకుంటే అంచులు చర్మం రంగులో కలిసిపోయాయి, నడుమ ఆవగింజంత మిగిలింది. ఈసారి సంక్రాంతికి కడాయి పక్కనే బకెట్టు నిండా నీళ్లు, చెంబు పెట్టుకుని కూర్చున్నాం. పెట్టింది అత్తమ్మే.